బాపు తోసిన సైకిలు

మూడో గేరు పడింది. పడిందో లేదో వంగి చూద్దామంటే ధైర్యం లేదు, చక్రాన్ని చూస్తే చక్రం కిందికే పోతావు, పోయే చోటు చూడు సుమా, అని మస్కట్‌లో కూర్చొని శేఖర్ చెప్పిన మాట చెవిలో ఇంకా మోగుతోంది, పోయే చోటంటే బోధన్ పెద్ద దవాఖాన, పద్నాలుగు కిలోమీటర్లు, ఇక్కడి నుంచి అదెట్లా కనిపిస్తుంది మొగుడా, కనిపించేదల్లా రెండు పక్కలా చెరుకు, మధ్యలో గుంతలు పడ్డ రోడ్డు. కనిపించకుండా నా వీపుకు ఆనుకొని ఉన్నది మా బాపు. ఆయన గడ్డం నా భుజం మీద గుచ్చుకుంటోంది. గుచ్చుకోనీ, గుచ్చుకున్నంతసేపు తల నిలబెట్టుకున్నట్టే. మా ఇద్దరి నడుములనూ కలిపి వెంకటి కాక తన తలరుమాలుతో మూడు చుట్లు చుట్టి ముడేశాడు, పడితే ఇద్దరం పడతాం, చేరితే ఇద్దరం చేరతాం. నేను ఈ బండి పట్టి పదకొండు రోజులు. ఇంటి నుంచి పొలం, పొలం నుంచి ఇల్లు, అంతవరకే నా రాజ్యం. తారు రోడ్డు ఎక్కడం మొదటిసారి, వెనుక మనిషిని కూర్చోబెట్టుకోవడం మొదటిసారి, ఇంత దూరం పోవడం మొదటిసారి, అన్నీ ఇవాళే రావాలా. ఆపడం ఒక్కటి ఇంకా సరిగ్గా రాదు. ఇంటి దగ్గరైతే మెల్లగా పోయి గడ్డివాముకు ఆనిస్తాను, గడ్డివామే నా బ్రేకు. దవాఖాన ముందు గడ్డివాము ఎవరు పెడతారు.

పురుగు ముట్టింది బిడ్డా, అన్నాడు. అంతే. చెరుక్కు నీళ్ళు మళ్ళించి గట్టు మీదికి వచ్చి, రెండో మడి కూడా తడిసింది అన్నంత నిమ్మళంగా అన్నాడు. మా దగ్గర దాని పేరెత్తరు, పేరెత్తితే ఇంకోసారి వస్తుందని భయం, పురుగంటే ఏదో చిన్నపిల్లకు కూడా తెలుసు. నేను అన్నం టిఫిను మూత తీస్తున్నాను. ఏ పురుగు బాపూ అని అడిగాను, పడిగె ఇప్పింది అన్నాడు, ఎడమ కాలు ముందుకు పెట్టి చూపించాడు, చీలమండ మీద రెండు చుక్కలు, గుండుసూదితో పొడిచినట్టు. ఇంత చిన్నవా. ఇంత చిన్న చుక్కల్లోంచి మనిషి పోతాడా. ఆ మూత ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు. గట్టు మీద పెట్టానా, కాలువలో పడిందా, బాపును పాము కరిస్తే నేను మూత గురించి ఆలోచిస్తున్నానేంటి, నా బుద్ధి పాడుగాను. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అది ఇంకో కేసు మీద పోయింది, మీ దగ్గరికి వచ్చేసరికి గంట పడుతుందన్నారు. బండ్లున్న మగవాళ్ళంతా కోటగిరిలో పెళ్ళికి పోయారు, ఒక్కడూ ఫోన్ ఎత్తడు, బ్యాండు మోతలో ఏం వినిపిస్తుంది. పక్క పొలం నుంచి వెంకటి కాక ఉరికొచ్చాడు, డెబ్బై ఏళ్ళ మనిషి, వచ్చీ రాగానే మంత్రం వేసే ఆయన దగ్గరికి తీసుకుపోదాం అన్నాడు. "మంత్రమేసెటాయనకే మొన్న పురుగు ముడితే నిజాంబాద్ దవాఖానకు ఉరికిండు కాకా, నువ్వు ముందు ఈ కాలు పట్టు," అన్నాను. కాలు కదలకూడదట, ఎప్పుడో విన్నది. చెరుకు గడ ఒకటి విరిచి కాలుకు ఆనించి నా కొంగు చింపి కట్టాను. చీర మీద తొడుక్కున్న శేఖర్ చొక్కా చేతులు పైకి మడిచాను. కిక్కు ఒక్క దెబ్బకే అందుకుంది. రోజూ నాలుగు దెబ్బలు కొడితే గాని అందుకోని బండి, ఇవాళ దానికి కూడా తెలిసిపోయింది.

"నిద్రపోకు బాపూ. మాట్లాడు."

"ఏం మాట్లాడాలె."

"ఏదన్న. పాత ముచ్చట్లు జెప్పు."

సైకిలు రానిదానివి బండేం నేర్చుకుంటవే, అని నవ్వని మనిషి లేడు మా వాడలో. ముందు సైకిలు నేర్చుకో, బాలెన్సు వస్తది, ఆ తర్వాత బండి దానంతట అదే వస్తది, అని శేఖర్‌దీ అదే పాట. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడది సైకిలు నేర్చుకుంటే ఊరు పడీ పడీ నవ్వుతుంది, బండి నేర్చుకుంటే ఊరు నోరు మూసుకుంటుంది, నువ్వు చెప్తే చెప్పు లేకపోతే ఫోన్ పెట్టెయ్, అన్నాను. చెప్పాడు పాపం. రెండేళ్ళుగా పట్టా కప్పుకొని నిలబడ్డ బండిని బయటికి తీస్తే, పక్కింటి అఖిల, డిగ్రీ చదివే పిల్ల, ఫోన్ పైకెత్తి పట్టుకొని నా పక్కన ఉరికేది, ఫోన్‌లో శేఖర్, క్లచ్చు ఇడువు, అరే మెల్లగ ఇడువు, మెల్లగ అంటే గట్ల కాదు, అని మస్కట్ నుంచి మొత్తుకునేవాడు, ఆయన గదిలో ఉన్న మలబారు మనుషులు కూడా వచ్చి చూసేవాళ్ళట. మొదటి రోజు నా రెండు కాళ్ళూ నేల మీద ఈడ్చుకుంటూ బాతు నడక. రెండో రోజు పెరట్లో కోళ్ళ గంప మీదికి. వీటన్నిటికంటే వింత భయం మలుపు దగ్గర. బండి కుడికి తిరగాలంటే కుడికి కొంచెం వాలుతుంది, వాలగానే పడిపోతున్నామని ఒళ్ళు ఎడమకు గుంజుకుంటుంది, గుంజుకుంటే బండి తిరగదు, నేరుగా పోయి కాలువలో దిగుతుంది. రెండుసార్లు దిగాను. అఖిల ఒడ్డున నిలబడి నవ్వాపుకొని చెప్పింది. "సైకిలు తొక్కినోళ్ళకు గీ భయం చిన్నప్పుడే పోతది అత్తా. నీకు సైకిలు రాదు గద, గందుకే ఒళ్ళు ఎదురు వంగుతున్నది. బండి ఎటు వంగితే నువ్వు గూడ అటే వంగు, అది పడెయ్యది." ఆ ఒక్క ముక్క నా ఒంటికి ఎక్కడానికి ఆరు రోజులు పట్టింది. బుద్ధికి మొదటి రోజే ఎక్కింది, ఒంటికి వేరే బుద్ధి ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

అదిగో కల్వర్టు మలుపు. కుడికి. గేరు తగ్గించు, మడమతో వెనక్కి తొక్కు, రెండో గేరు, ఇప్పుడు వాలు, మెల్లగా వాలు, బండి ఎటు వాలితే అటు, అయ్యో ఇదేంటి, వెనుక నుంచి బరువు ఎడమకు గుంజింది, ముందు చక్రం బిగుసుకుంది, రోడ్డు అంచు మీది కంకర కసకసమంది, ఎట్లాగో తిప్పుకున్నాను. బాపూ జారుతున్నవా, అని అరిచాను. లేదు బిడ్డా, గట్టిగనే గూసున్న, అన్నాడు. గొంతులో బలం ఉంది, మాటే కొంచెం ముద్దగా ఉంది. నాలుక మందమవుతోందా. నాగు విషం మొదట కళ్ళ రెప్పల్ని పడగొడుతుంది, తర్వాత నాలుకని, తర్వాత ఊపిరిని, మా మేనమామ అట్లాగే పోయాడు, పోయేటప్పుడు నీళ్ళు కావాలన్నాడు, నీళ్ళు పోస్తే మింగలేకపోయాడు. అది ఇప్పుడు తలుచుకోవద్దు. రోడ్డు చూడు. రోడ్డు మీద లారీల్లోంచి పడ్డ చెరుకు గడలు, వాటి మీద ఎక్కితే జారుతుంది, తప్పించు. బాపూ మాట్లాడు. ఊఁ అంటున్నాడు. ఊఁ కాదు మాట్లాడు. సాలూర కార్ఖాన ముచ్చట జెప్పు, అన్నాను, అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను, మా ఇద్దరి మధ్యా ఇరవై ఆరేళ్ళుగా ఎత్తని ముచ్చట అదే.

మా వాడంతా బీడీలు చేసేది. నన్ను కన్న మా అవ్వ భూమవ్వ చేసిన బీడీ, ఈనె కనిపించకుండా, కొస వంకర పోకుండా, చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. వాడలో పన్నెండు ఇళ్ళ బీడీలు గంపల్లో పేర్చి, సైకిలు వెనుక కట్టి, బాపు సాలూర కార్ఖానాకు తీసుకుపోయేవాడు, అటునుంచి ఆకు, తంబాకు తెచ్చేవాడు. అయిదు కిలోమీటర్లు, పోనూ రానూ పది, ఎక్కేవాడు కాదు, తోసుకుంటూనే. ఎక్కితే గుంతల్లో బీడీలు నలుగుతాయి, నలిగితే కార్ఖానాలో పక్కకు తీసేస్తారు, ఆడోళ్ళ కష్టం మట్టిపాలవుతుంది, అనేవాడు. ఆత్మారాం చేతిలో పెడితే ఒక్క బీడీ విరగదని పేరు. అట్లాంటి మనిషి కూతురిని నేను, వాడలో ఎంత గర్వం నాకు. ఏడో తరగతి అయిపోయింది, మా ఊళ్ళో బడి అంతవరకే. పెద్ద బడి సాలూరలో. నవత వాళ్ళ నాన్న నవతకు పాత సైకిలు కొన్నాడు, తనే వెనుక పట్టుకొని ఉరుకుతూ నేర్పాడు, వాడంతా చూశాం. ఆ ఆదివారం పగలు నేను బాపు సైకిలు గోడ నుంచి తీసి, తోసుకుంటూ పోయి, బాపూ బాపూ నువ్వు ఎన్క పట్టుకో, నాకు గూడ నేర్పియ్యి, అన్నాను. వాడలో పదిమంది ఉన్నారు. బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకొని ఆడవాళ్ళంతా నవ్వుతూ చూస్తున్నారు. బాపు ముఖం నల్లబడింది. చెంప మీద కొట్టాడు. ఒక్క దెబ్బ. పుట్టి బుద్ధెరిగి ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. ఆడిపిల్లకు సైకిలేంది, ఇజ్జత్ లేదా, అన్నాడు. నేను అవ్వ వైపు చూశాను, అవ్వ బాపు వైపు చూసింది, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ జూన్‌లో నవత సాలూరకు సైకిలు తొక్కుకుంటూ పోయింది, నేను చాట ఒళ్ళో పెట్టుకున్నాను. నవత ఇప్పుడు మోర్తాడ్‌లో టీచరు. నా వేళ్ళు చూడు, ఆకు మడిచి మడిచి గోళ్ళు అరిగిపోయాయి, ఇప్పుడు వీటితోనే క్లచ్చు పట్టుకున్నాను. ఆనాటి నుంచి బాపుతో అవసరానికి మించి మాట్లాడలేదు. అన్నం పెట్టాను, జ్వరమొస్తే కాచుకున్నాను, అవ్వ పోయినప్పుడు పట్టుకొని ఏడ్చాను, మాట్లాడటం మాత్రం లేదు.

ఇంకో మలుపు, ఎడమకు. ఇప్పుడు నాకు ముందే తెలుసు, వాలుతున్నాను, మళ్ళీ అదే, బాపు ఒళ్ళు కుడికి, కుడికి ఎంత బలంగా గుంజిందంటే రుమాలు నా నడుము కోసుకుపోయింది. జారడం కాదు ఇది. జారే మనిషి పల్లానికి జారతాడు, ఈయన ఎత్తు వైపుకు పోతున్నాడు. ఎదురు వంగుతున్నాడు. బండి ఎడమకు వాలితే భయపడి కుడికి. ఇది నాకు తెలుసు. ఈ భయం నాది. ఆరు రోజులు నా ఒంట్లో కాపురం చేసిన భయం, దీన్ని నేను ఎక్కడ చూసినా గుర్తుపడతాను, కాని ఇది బాపు ఒంట్లో ఎందుకుంది? సైకిలు తొక్కినోళ్ళకు చిన్నప్పుడే పోతది అత్తా. నలభై ఏళ్ళు సైకిలు పెట్టుకున్న మనిషికి పోలేదా? నలభై ఏళ్ళు. ఆగు. ఆగు సుమా, బండి కాదు, నువ్వాగు, ఆలోచించు. బాపు సైకిలు మీద కూర్చోగా నువ్వెప్పుడైనా చూశావా?

కార్ఖానాకు పోయేటప్పుడు తోశాడు, సరే, బీడీలు నలుగుతాయని. వచ్చేటప్పుడు? వచ్చేటప్పుడు ఆకు కట్టలు, తంబాకు సంచి, అవి నలిగితే ఏం పోయె? వచ్చేటప్పుడు కూడా తోసుకుంటూనే వచ్చేవాడు. సంతకు? తోసుకుంటూ. గడ్డికి? మోపు కట్టి తోసుకుంటూ. ఇవాళ పొద్దున పొలానికి? సైకిలు మీద ఏముంది, ఒక పార, ఒక నీళ్ళ సీసా, తోసుకుంటూనే వచ్చాడు, ఇప్పుడది గట్టు మీద తుమ్మకు ఆనించి ఉంది. ఎవరి బండీ ఎక్కడు, నడుం పడుతుందని ఆటో కోసం గంటలు నిలబడతాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు జ్వరమొచ్చి కళ్ళు తేలేస్తే, వెనుక కూర్చోబెట్టి, ఒక చెయ్యి నా వీపు మీద, ఒక చెయ్యి హ్యాండిలు మీద, సాలూర డాక్టరు దాకా ఉరికాడు. అయిదు కిలోమీటర్లు ఉరికాడు. ఎక్కి తొక్కితే అయ్యే పనికి ఉరికాడు. చెప్పుల్లేని కాళ్ళ చప్పుడు, ఆయన ఎగశ్వాస, అన్నీ ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి, మా బాపుకు నేనంటే ఎంత పానమో అని ఎందరికో చెప్పుకున్నాను. ఎందుకు ఎక్కలేదంటే, పిల్ల పడిపోతదని, అన్నాడట. అందరూ నమ్మారు. నేనూ నమ్మాను. అమ్మా, నా ఒళ్ళంతా చల్లబడుతోంది. పురుగు ముట్టింది ఆయననా, నన్నా?

"బాపూ."

"ఊఁ."

"నీకు సైకిలు తొక్కస్తదా?"

చెరుకు ఊగుతోంది. ఎదురుగా ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. మైలురాయి ఒకటి పోయింది, దాని మీద ఎంత రాసుందో నాకు కనిపించలేదు. ఆయన వినలేదేమో అనుకున్నాను, లేక నిద్రలోకి జారాడేమో అని భయపడి మోచేత్తో పొడిచాను. భుజం మీద గడ్డం కదిలింది.

"రాదు బిడ్డా."

బండి వంకర పోయింది, సర్దుకున్నాను.

"అవ్వకెర్కేనా?"

"ఆమెకొక్కదానికే ఎర్క."

అవ్వకు తెలుసు. ఆ ఆదివారం అవ్వ బాపు వైపు చూసిన చూపు. ఇరవై ఆరేళ్ళు ఆ చూపును తిట్టుకున్నాను, నోరులేనిదని, మొగుడి చాటు మనిషని, ఎదురు చెప్పలేదని. అది భయం కాదు, దాచిపెట్టడం. పోయేదాకా దాచింది, పోయేటప్పుడు కూడా నాతో అనలేదు. బాపు మాట్లాడుతున్నాడు, ఒక్కో మాట నోట్లో ముద్ద కట్టి బయటికి వస్తోంది, గాలికి సగం పోతోంది, అయినా నాకు అన్నీ వినిపిస్తున్నాయి. పెండ్లిల మీ తాత సైకిలు వెట్టిండు, వాచీ, సైకిలు. మండపంల వెట్టి పూలదండేసిండ్రు. పెండ్లి పిలగాన్ని ఎక్కుమన్నరు ఫొటో దియ్యనీకి. పట్టుకొని నిలవడ్డ. రాదని ఎట్ల జెప్పాలె బిడ్డా, ఊరందరి ముంగట. ఎడ్లబండ్ల పక్కపొంటి తోసుకుంట ఇంటికొచ్చిన, కొత్త సైకిలు ఎంత పైలంగ తెస్తున్నడో అన్నరు. రెండుసార్లు చెరుకుతోట ఎన్క ఎక్కి జూసిన, పడ్డ. ఎవలన్న జూస్తే నవ్వుతరని మళ్ల ఎక్కలే.

"మరి గా దినం నన్నెందుకు గొట్టినవ్?"

"నేర్పియ్యమంటివి గద," అన్నాడు. ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు గది దప్ప ఇంకేది అడిగినా ఇస్తుంటి. నాకే రాంది ఎట్ల నేర్పియ్యాలె."

దిగు. దిగిపో బాపూ. బండి ఇక్కడే ఆపి నిన్ను ఈ చెరుకులో పడేసి పోతాను. ఇందుకా? ఆడపిల్ల అనీ కాదు, ఇజ్జత్ అనీ కాదు, నాకు రాదు బిడ్డా అన్న మూడు మాటలు నోట్లోంచి రాక నా చదువు, నా వేళ్ళు, నా ఇరవై ఆరేళ్ళు. మొత్తం ఆడజాతినే తీసుకొచ్చి ఆ మాటకు అడ్డం పెట్టావు కదా బాపూ, చాలా పెద్ద పరదా కట్టావు ఒక చిన్న సైకిలుకు. నేను నిన్ను రాక్షసుడనుకున్నాను. రాక్షసుడైనా బాగుండేది, రాక్షసుడిని తిట్టుకోవచ్చు, పదిమంది ముందు పరువు పోతుందని వణికిన మనిషిని ఏం చేయాలి. విసిరేద్దామంటే నా నడుముకే కట్టి ఉన్నావు. కళ్ళల్లో నీళ్ళు, గాలికి చెవుల మీదికి పోతున్నాయి, తుడుచుకోవడానికి రెండు చేతులూ ఖాళీ లేవు. నవ్వు కూడా వస్తోంది, అదే భయంగా ఉంది, నవ్వొస్తోంది. తండ్రికీ కూతురికీ ఇద్దరికీ సైకిలు రాదు, ఇద్దరం కలిసి మోటరుబండి మీద పోతున్నాం, చూడండ్రి.

ముందు చెరుకు ట్రాక్టరు. రెండు ట్రాలీలు, రోడ్డంతా అదే, రెండు పక్కలా గడలు వేలాడుతూ ఏనుగులా ఊగుతోంది. మహారాష్ట్ర వాళ్ళది, మరాఠీ పాట పెద్దగా పెట్టుకొని నడుస్తున్నంత నెమ్మదిగా పోతున్నాడు. హారన్ కొట్టాను, ఆ పాటలో వాడికేం వినిపిస్తుంది. వెనుకే పోతే బోధన్ చేరేసరికి పొద్దు గూకుతుంది. బాపూ, అన్నాను. పలకలేదు. బాపూ! ఊఁ, అన్నాడు, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు. కండ్లు మూతలు వడుతున్నయి బిడ్డా, రెప్పలు లేస్తలేవు. హ్యాండిలు బిగించి పట్టుకున్నాను. ఆపగలిగితే ఆపి ఏడ్చేదాన్ని, ఆపడం రాదు, ఇక మిగిలింది పోవడమే. కుడికి వచ్చాను. ఎదురుగా దూరంగా ఏదో తెల్లది వస్తోంది, కారో జీపో, ఎంత దూరమో లెక్క నాకు తెలియదు, ఆ లెక్క ఎవరూ నేర్పలేదు. నాలుగో గేరు. ఎన్నడూ వెయ్యని గేరు. ముందుకు తొక్కాను, పడింది, బండి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టై, ట్రాలీ చక్రాలు నా మోకాలంత ఎత్తున పక్కనే తిరుగుతున్నాయి, చెరుకు ఆకు ఒకటి చెంప మీద కొట్టింది, సరిగ్గా ఆ చెంప మీదే, తెల్లది పెద్దదవుతోంది, పెద్దదవుతోంది, ట్రాక్టరు ఇంజను, డ్రైవరు, వాడు నోరు తెరుచుకొని ఏదో అంటున్నాడు, దాటేశాను. దాటేశాను బాపూ. ఆయన ఏమీ అనలేదు.

ఇళ్ళు మొదలయ్యాయి. పెట్రోలు బంకు, ఎరువుల దుకాణాలు, చెరుకు రసం బండి. బోధన్. జనం, మేకలు, ఆటోలు, కాళ్ళకడ్డం పడే ప్రపంచమంతా. దవాఖానకు ఎటని అరిస్తే ఒక ముసలావిడ కుడికి చెయ్యి చూపించింది. కుడికి ఆఖరి మలుపు. ఇక్కడ మళ్ళీ ఎదురు వంగితే పడతాం, ఇంత జనంలో పడితే లేవం. మడమతో తొక్కాను, మూడు, రెండు. పళ్ళు బిగించి వాలాను. బండి వాలింది. బాపు కూడా వాలాడు. నాతోపాటే, నేను ఎంత వాలితే అంత, నా వీపుకు అతుక్కొని కుడికే, బండి వెన్నలో కత్తి దిగినట్టు తిరిగింది, బాపూ నువ్వు వంగినవు, నేర్చుకున్నవు, అని నోట్లోంచి మాట రాబోతూ అక్కడే ఆగిపోయింది. నేర్చుకోవడమేనా ఇది? ప్రాణం లేని ఒళ్ళు కూడా బండి ఎటు వాలితే అటే వాలుతుంది. భయం లేని ఒళ్ళు, పట్టింపు లేని ఒళ్ళు, బియ్యం బస్తా అట్లాగే వాలుతుంది. భుజం మీద గడ్డం గుచ్చుకోవడం లేదు, ఎప్పటి నుంచి గుచ్చుకోవడం లేదు, ట్రాక్టరు దగ్గరి నుంచా? బాపూ. బాపూ. నా చెవికి నా ఊపిరే వినిపిస్తోంది. ఇంతకుముందు ఎదురు వంగినందుకు తిట్టుకున్నాను కదా, ఒక్కసారి ఎదురు వంగు బాపూ, నీ కాళ్ళు మొక్కుతా, పడితే పడదాం, ఒక్కసారి ఎదురు వంగు.

"పట్టుకోండ్రి! ఆపస్తలేదు, పట్టుకోండ్రి!"

దవాఖాన గేటు లోపల ఆటోవాళ్ళు నలుగురు ఉరికొచ్చి ముందు చక్రానికి అడ్డం నిలబడి పట్టుకున్నారు. బండి ఆగింది, ఇంజను ఆగింది, నేను ఆగలేదు, ఎక్సలేటరు తిప్పుతూనే ఉన్నాను. రుమాలు ముడి ఊడదీశారు. అయినా బాపు నా నుంచి విడిపోలేదు. ఒకాయన వెనుక నుంచి అన్నాడు, "అక్కా, జర ఆగు, పెద్దమనిషి నీ అంగి ఇడుస్తలేడు." రెండు చేతులతో శేఖర్ చొక్కా పట్టుకొని ఉన్నాడట, బట్ట చిరిగేంత గట్టిగా. ఒక్కో వేలు విడదీస్తుంటే నాకు వెనక్కి తిరిగే ధైర్యం లేదు, లెక్కపెట్టుకున్నాను, పది వేళ్ళూ విడదీయాల్సి వచ్చింది.

బల్ల మీద కూర్చున్నాను. ఎడమ చెయ్యి ఇంకా క్లచ్చు పట్టుకున్నట్టే ముడుచుకొని ఉంది, కుడి చేత్తో సాగదీస్తే మళ్ళీ ముడుచుకుంటోంది. ఏం గుట్టిందని నర్సమ్మ అడిగితే పురుగు ముట్టిందన్నాను, ఎంతసేపైందంటే చెప్పలేకపోయాను, నాకైతే ఇరవై ఆరేళ్ళైంది. విరుగుడు సూది సెలైన్‌లో ఎక్కిస్తున్నారు. డాక్టరు, చిన్న వయసు ఆమె, బయటికొచ్చి, మంచి టైముకు తెచ్చినవమ్మా, రాత్రి దాకా చూడాలి గాని భయం తగ్గింది, ఎవరు తెచ్చిండ్రు బండి మీద, అంది. నేనే, అన్నాను. నా కాసె చీర, చిరిగిన చొక్కా, చెంప మీది చెరుకాకు గీత చూసి ఇంకేం అడగలేదు. లోపలికి పోనిచ్చారు.

బాపు కళ్ళు మూసుకొనే ఉన్నాయి. రెప్పలు లేవవు, అవి లేవడానికి ఇంకా గంటలు పడుతుందట. కాలుకు కట్టిన చెరుకు గడ విప్పి మంచం కింద పెట్టారు. నేనొచ్చానని ఎట్లా తెలిసిందో, వేళ్ళు కదిపాడు, నా ముడుచుకున్న చెయ్యి ఆ వేళ్ళ దగ్గర పెట్టాను. కోపం ఎక్కడికీ పోలేదు, అది నా పక్కనే నిలబడి ఉంది, ఇంటికి పోయాక దాని సంగతి చూడాలి. బాపు పెదాలు కదులుతున్నాయి, వంగి చెవి దగ్గర పెట్టాను.

"ఆఖరు మూల కాడ," అన్నాడు, ఒక్కో మాట కూడబలుక్కుంటూ, "కండ్లు మూతవడ్డయి. ఏం గనవడలే. నువ్వెటు వంగితే అటు వంగిన."

"వంగినవు బాపూ. జూసిన."

సెలైన్ చుక్క చుక్కా పడుతోంది. మూసిన రెప్పల కింద కన్ను అటూ ఇటూ తిరిగింది, ఏదో వెతుక్కుంటున్నట్టు, నలభై ఏళ్ళ రోడ్డంతా ఒకసారి నడిచొచ్చినట్టు.

"గింతేనా బిడ్డా?"

"ఏంది బాపూ?"

"సైకిలంటే. గింతేనా?"

"గింతే బాపూ," అన్నాను.